సీసం నుంచి రాగికి: వేట తూటాల మీద పాఠకుల ప్రశ్నలు

ఇత్తడి గిన్నెలకు కలాయి పూయడం గురించి కిందటి సంచికలో రాసినప్పుడు, అమెరికాలో మా అబ్బాయి ఇంట ఉన్న రోజుల్లో పొరుగాయన తన గరాజులో రాగి గుండ్లతో వేట తూటాలు నింపుకుంటుంటే చూశానని చివర్లో రెండు వాక్యాలు చేర్చాను. కలాయి గురించి ఒక్క ఉత్తరం కూడా రాలేదు కానీ, ఆ రెండు వాక్యాల మీద మాత్రం మారతహళ్లి నుంచి జయనగర్ దాకా బెంగళూరు తెలుగువారు చాలామంది రాశారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ముందుగా మాటల విషయం తేల్చుకోవాలి. మనం తూటా అన్నా, గుండు అన్నా, బుల్లెట్ అన్నా ఒకటే అన్నట్టు వాడేస్తాం. ఇక్కడ మాత్రం తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు, ఈ నాలుగూ కలిసిన మొత్తం వస్తువు అని, గుండు అంటే గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే లోహపు ముక్క మాత్రమే అని అర్థం చేసుకోవాలి. మన పెద్దలు మందునూ గుండునూ జంటగా కలిపి మందుగుండు అన్నారు. ఆ మాటలోని పొందిక ఎంత సరైనదో కింది జవాబుల్లో కనిపిస్తుంది, ఎందుకంటే గుండు మారితే మందు లెక్క కూడా మారాలి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు మోంటానాలో ఉంటారు. అల్లుడు ఏటా శరదృతువులో లైసెన్సు తీసుకుని జింకను వేటాడి, ఆ మాంసాన్ని ఫ్రీజరులో దాచి ఏడాదంతా వండుకుంటారు. మా మనవరాలికి ఏడేళ్లు. తుపాకీతో కొట్టిన మాంసంలో సీసం ఉంటుందని ఎక్కడో చదివి భయపడి అడిగితే, "మాది సీసం కాదు అత్తయ్యా, రాగి" అన్నాడు. రాగి అయితే నిజంగా భయం లేదా? రాగి మాత్రం విషం కాదా? తూటాలు ఇంట్లోనే చేసుకుంటాడు, అది ఇంకో బెంగ.
— ఒక అమ్మమ్మ, మారతహళ్లి

జవాబు: అమ్మా, మాంసం విషయంలో మీ అల్లుడుగారు చెప్పింది సరైన మాటే. అయితే ఆయన గరాజు విషయంలో మీరు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది, దాన్ని చివర్లో చెబుతాను.

మామూలు వేట గుండులో లోపల సీసపు ముద్ద, దాని మీద పల్చని రాగి తొడుగు ఉంటాయి. తొడుగు ముక్కు దగ్గర తెరిచి ఉంటుంది కాబట్టి, జంతువు ఒంటికి తగలగానే మెత్తని సీసం పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. ఇలా విచ్చుకునే గుండుకు ప్రపంచం పెట్టుకున్న పాత పేరు మన దేశానిదే. 1890ల్లో కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో ఇలాంటివి తయారు చేయడం వల్ల వాటికి దమ్‌దమ్ గుండ్లు అనే పేరు వచ్చింది. 1899లో హేగ్ ప్రకటన యుద్ధంలో వీటి వాడకాన్ని నిషేధించింది. వేటలో మాత్రం ఇవే కావాలి, ఎందుకంటే విచ్చుకోని గుండు జంతువును దూసుకుని అవతలికి పోతుంది, ఆ జంతువు గంటల తరబడి నరకయాతన పడుతుంది.

చిక్కంతా విచ్చుకోవడంలో కాదు, చిట్లిపోవడంలో ఉంది. సీసం విచ్చుకునేటప్పుడు తన బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, చిన్న చిన్న తునకలుగా రాలిపోతుంది. ఇసుక రేణువుకన్నా చిన్నవైన ఆ తునకలు గాయం చుట్టూ జానెడు దూరం దాకా కూడా పాకుతాయి. అవి కంటికి కనబడవు, పంటికి తగలవు, ఎక్స్‌రేలో మాత్రం తెల్లని చుక్కల్లా బయటపడతాయి. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు పంచడానికి దానంగా వచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీసినప్పుడు ఈ చుక్కలే కనిపించాయి, ఆ మాంసాన్ని పంచవద్దని అక్కడి అధికారులు సలహా ఇచ్చారు. పిల్లల శరీరం పెద్దవాళ్ల శరీరంకన్నా ఎక్కువగా సీసాన్ని పీల్చుకుంటుంది, అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లల రక్తంలో సీసం డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్త పడాలని 2021 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ గీత గీసింది. ఆ గీతకు దిగువన ఉన్నంత మాత్రాన క్షేమమని దాని అర్థం కాదు.

రాగి గుండులో సీసపు ముద్ద ఉండదు, మొత్తం ఒకే లోహం. దాని ముక్కులో చిన్న గుంత ఉంటుంది. దెబ్బ తగిలిన క్షణంలో తడి కండ ఆ గుంతలోకి తోసుకువచ్చి, ముక్కును నాలుగైదు రేకులుగా విప్పి వెనక్కి వంచుతుంది. వెనక మొండెం అలాగే నిలుస్తుంది, బరువు దాదాపు తగ్గదు. ఒకవేళ రేకు విరిగినా అది వేలితో తీసి పారేసేంత పెద్ద ముక్కే అవుతుంది. రాగి విషయానికి వస్తే, ఒంటికి కొద్దిగా కావలసిన లోహం అది. ఏ కాస్త మిగిలినా సీసంలా ఎముకల్లో పేరుకుని ఏళ్ల తరబడి కూర్చోదు. అయినా గాయం చుట్టూ ఉన్న కమిలిన మాంసాన్ని ఉదారంగా కోసి పారేయమనండి. దాన్ని కుక్కకు కూడా పెట్టవద్దనండి.

మీ ఇంట్లో రసం ఈయచొంబులో కాచే అలవాటు ఉంటే ఆ చొంబును కూడా ఒకసారి అనుమానంతో చూడండి. తమిళంలో వెళ్లీయం అంటే తగరం, కారీయం అంటే సీసం. రెంటికీ చివర ఈయమే. మంచి చొంబు తగరంతో చేసినదై ఉండాలి. తగరం ఖరీదైనది, సీసం చవకైనది, పైకి రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. ఆ రెంటినీ కలిపి అమ్మే వ్యాపారి చేతిలో పడితే, పులుపు తగిలిన రసం సీసాన్ని చక్కగా లాగుతుంది. మోంటానాలో జింక మాంసానికి భయపడి ఇక్కడ రసంలో తాగడం అన్యాయం.

ఇక ఆ మిగిలిన ప్రశ్న: గుండులో సీసం లేకపోయినా, మామూలు ప్రైమరులో సీసపు సమ్మేళనం ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ దాని మసి ఇత్తడి కేసు లోపల అంటుకుంటుంది. తూటాలు మళ్లీ నింపేవాళ్లు పాత కేసులను పొడి గింజల పొట్టులో వేసి యంత్రంలో దొర్లించి శుభ్రం చేస్తారు, అప్పుడు లేచే దుమ్ములో ఉండేది ఆ సీసమే. ఆ పని నీళ్లలో చేయమనండి, ఇంట్లో కాకుండా బయట చేయమనండి, పని అయ్యాక చేతులు చన్నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పాపను ఎత్తుకోమనండి. తూటాల మందును దాని అసలు డబ్బాల్లోనే, నీళ్లు కాచే గీజరుకూ నిప్పుకూ దూరంగా, తాళం వేసి ఉంచమని వేరే చెప్పనక్కర లేదు, అయినా చెప్పండి. అత్తగారు చెబితే వింటారు.

ప్రశ్న: ఇంతకీ అమెరికాలో ఈ రాగి గొడవ ఎందుకు మొదలైంది? వేటగాళ్ల ఆరోగ్యం కోసమా?
— కాలేజీ విద్యార్థి, రామనగర

జవాబు: మీ ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది, ఎందుకంటే దీని మూలం రాబందుల్లో ఉంది. మీ ఊరి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. మన రాబందులను చంపింది పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. ఆ మందు ఉన్న కళేబరాలను తిని అవి కుప్పలుగా చచ్చాయి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అమెరికాలో కాండర్ అనే మహా రాబందుకు ఇదే కథ సీసంతో జరిగింది. వేటగాడు కోసి వదిలేసిన పేగుల్లోని సీసపు తునకలను తిని అవి చచ్చేవి. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టి బోనులో పెట్టేనాటికి ప్రపంచంలో ఉన్న కాండర్లు మొత్తం 27. 1992 నుంచి పిల్లలను మళ్లీ అడవిలోకి వదిలారు, వాటికీ సీసమే శత్రువైంది. కాలిఫోర్నియా 2008 నుంచి కాండర్లు తిరిగే ప్రాంతాల్లో, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసాన్ని నిషేధించింది. అరిజోనా నిషేధం జోలికి పోకుండా, 2005 నుంచి కాండర్ల ప్రాంతంలో వేటాడేవాళ్లకు సీసం లేని తూటాలను ఉచితంగా ఇచ్చి ఒప్పించే దారి పట్టింది.

రాగి గుండు మాత్రం ఈ చట్టాలకన్నా ముందే పుట్టింది. బార్న్స్ కంపెనీని నడిపిన రాండీ బ్రూక్స్ 1980ల చివరలో ఎక్స్ గుండును మార్కెట్లోకి తెచ్చింది పక్షుల కోసం కాదు. పెద్ద జంతువుల ఎముకకు తగిలినా చిట్లని గుండు కావాలని.

ప్రశ్న: హెచ్-1బీ మీద కొలరాడోలో మూడేళ్లు పనిచేసి, ప్రస్తుతం వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ఉన్నాను. సెప్టెంబరులో మళ్లీ వెళ్తున్నాను. అక్కడ నా దగ్గర .308 రైఫిలు ఉంది, గొట్టం మెలిక 1:12. ఇంతకాలం 168 గ్రెయిన్ల (గ్రెయిన్ గుండు బరువు కొలత) సీసపు గుండ్లతో తూటాలు నేనే నింపుకున్నాను, గురి బాగా కుదిరింది. ఇప్పుడు ఎల్క్ అనే పెద్ద జింక వేటకు రాగికి మారదామనుకుంటున్నాను. అదే 168 బరువు రాగి గుండు తీసుకుని, అదే మందు అంతే వేస్తే చాలని ఒక మిత్రుడు అంటున్నాడు. ఒక పెట్టె కొని కాలిస్తే గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. లోపం ఎక్కడుంది?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ మిత్రుడి సలహాలో రెండు భాగాలూ తప్పే. మొదటిది గురిని పాడు చేస్తుంది, రెండోది రైఫిలును, బహుశా మీ ముఖాన్ని.

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, రాగిది 8.96. గుండు లావును గొట్టమే నిర్ణయిస్తుంది, దాన్ని మార్చలేం. అందువల్ల అంతే బరువు రాగిలో కావాలంటే గుండు పొడవు పెరగడం తప్ప దారి లేదు. ఈ పొడవు దగ్గరే మీ కష్టాలన్నీ మొదలవుతున్నాయి. బొంగరాన్ని తలుచుకోండి: పొట్టి బొంగరం నెమ్మదిగా తిరిగినా నిలబడుతుంది, సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని నిలబెట్టాలంటే తాడును గట్టిగా లాగాలి. గొట్టంలోని గాడులు గుండును ఎంత వేగంగా తిప్పుతాయో చెప్పేదే మెలిక. 1:12 అంటే 12 అంగుళాల ప్రయాణంలో ఒక్క చుట్టు, 1:10 అంటే 10 అంగుళాలకే ఒక చుట్టు. అంటే రెండో అంకె తగ్గేకొద్దీ గుండు వేగంగా తిరుగుతుంది.

1879లో జార్జ్ గ్రీన్‌హిల్ అనే ఇంగ్లండు గణితవేత్త చెప్పిన పాత లెక్క ఒకటి కాగితం మీద చేసి చూసుకోవడానికి సులువుగా ఉంటుంది. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, 150తో గుణించి, గుండు పొడవుతో భాగిస్తే కావలసిన మెలిక వస్తుంది. .308 అంగుళాల వ్యాసానికి, పొడవుతో భాగించకముందు వచ్చేది సుమారు 14.2. గుండు పొడవు 1.2 అంగుళాలైతే దాదాపు 11.9 వస్తుంది, మీ గొట్టానికి కొద్దిలో సరిపోయినట్టే. పొడవు 1.4 అంగుళాలైతే 10.2 వస్తుంది. ఈ లెక్క సీసపు గుండ్ల సాంద్రతకు చేసినది కాబట్టి రాగికి ఇంకో పదో వంతు దాకా తగ్గించుకోవాలి, అప్పుడు 9 చిల్లర దగ్గర నిలుస్తుంది. నేటి వేగాలకు గ్రీన్‌హిల్ కొంచెం కఠినంగా ఉంటాడు, ఇప్పుడు మిల్లర్ సూత్రం ఎక్కువగా వాడుతున్నారు, అయినా మొగ్గు ఏ వైపు ఉందో దీనితో తెలిసిపోతుంది. పొడవైన 168 రాగి గుండుకు మీ 1:12 గొట్టం చాలకపోవడమే చెదిరిపోవడానికి మొదటి అనుమానం. గురి కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా, తాళపు చెవి రంధ్రంలా పడుతున్నాయేమో చూడండి. అలా ఉంటే ఇక అనుమానం లేదు, గుండు గాలిలో పక్కకు వాలుతోంది. పైగా చలిగాలి దట్టంగా ఉంటుంది కాబట్టి వేసవిలో అంతంతమాత్రంగా నిలిచిన గుండు నవంబరు మంచులో పూర్తిగా చెడిపోవచ్చు. కొండ ఎత్తు మాత్రం గాలి పలచబడటం వల్ల మీకు కొంత సాయపడుతుంది. రాగి గుండ్ల పెట్టె మీద ఎంత మెలిక కావాలో తయారీదారు రాసి ఉంటే, నా లెక్కలను పక్కనపెట్టి ఆ మాటకే విలువ ఇవ్వండి.

కాబట్టి బరువు తగ్గించండి. 150, లేదా 130 గ్రెయిన్లలో రాగి గుండు చూడండి. బరువు తగ్గితే ఎల్క్ మీద దెబ్బ తగ్గదా అని మీరు అడుగుతారు. 180 గ్రెయిన్ల సీసపు గుండు లోపలికి పోతూ మూడో వంతు రాలిస్తే మిగిలేది 120. 150 గ్రెయిన్ల రాగి గుండు దాదాపు 150గానే ఉంటుంది. తేలికది కాబట్టి వేగంగా బయలుదేరుతుంది, రాగికి అదే కావాలి కూడా. రాగి గట్టి లోహం. తగిలేటప్పటి వేగం సెకనుకు సుమారు 1,800 నుంచి 2,000 అడుగులకు దిగువకు పడిపోతే చాలా రాగి గుండ్ల రేకులు సరిగ్గా విచ్చుకోవు. దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. మీ తూటా ఎన్ని గజాల దాకా ఆ వేగాన్ని నిలబెట్టుకుంటుందో పట్టికలో చూసుకుని, ఆ దూరం దాటి ట్రిగ్గరు నొక్కవద్దు. సీసం దూరాన్ని కొంత క్షమిస్తుంది, రాగి క్షమించదు. రాగిని దుయ్యబట్టే వేటగాళ్లలో చాలామంది ఈ ఒక్క విషయం పట్టించుకోనివాళ్లేనని నా అభిప్రాయం. (గ్రెయిన్ ఎంతని ఇంకొకరు అడిగారు: 64.8 మిల్లీగ్రాములు. కంసాలి గురిగింజ ఎత్తులో సుమారు సగం. 150 గ్రెయిన్లంటే తులానికి కాస్త తక్కువ.)

ఇక మందు. రాగి గుండు పొడుగ్గా ఉండటం వల్ల కేసు లోపలికి ఎక్కువగా దిగి, మందుకూ వాయువుకూ ఉండే చోటును తగ్గిస్తుంది. గట్టిగా ఉండటం వల్ల గాడుల్లోకి ఒరుసుకుని ప్రవేశించేటప్పుడు ఎక్కువ అడ్డుకుంటుంది. ఈ రెండూ కలిసి అదే మందుకు ఒత్తిడిని పెంచుతాయి. ఈ ఒత్తిడినీ, గొట్టానికి అంటే రాగినీ తగ్గించడానికే బార్న్స్ 2003లో తెచ్చిన గుండుతో మొదలుకుని చాలామంది తయారీదారులు గుండు మొండెం చుట్టూ గాడులు కోస్తున్నారు, గుండు ఒరిసినప్పుడు లోహం తప్పుకోవడానికి అవి చోటిస్తాయి. ఆ గాడులున్న గుండుకూ లేని గుండుకూ ఒత్తిడి వేరు, ఒకే బరువున్న రెండు కంపెనీల రాగి గుండ్లకూ వేరే. అందుకే ఏ గుండు వాడుతున్నారో ఆ గుండు తయారీదారు ప్రచురించిన పట్టికే చూడాలి. అందులో ఇచ్చిన అతి తక్కువ మోతాదు దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర ఆగి కేసును పరిశీలించాలి. నేను ఇక్కడ ఒక్క మోతాదు కూడా రాయకపోవడానికి కారణం అదే. పత్రికలో అచ్చయిన అంకెను మీరు అరువు తెచ్చుకోకూడదు, నేను ఇవ్వకూడదు.

ఆ అరువు ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. ఆ పొరుగాయన ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. సీసపు గుండ్లకు తాను రాసిపెట్టుకున్న పాత నోటుపుస్తకంలోని మోతాదునే తొందరలో రాగి గుండ్లకు కూడా వేశారు. మొదటి తూటా కాల్చాక, గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్టు పైకి లేవలేదు, అరచేత్తో గుద్ది తెరవవలసి వచ్చింది. బయటికి వచ్చిన కేసు అడుగున ప్రైమరు అంచుల దాకా అప్పడంలా అణిగిపోయి ఉంది, పక్కన ఇత్తడి మీద, ఖాళీ కేసును బయటికి తోసే ఎజెక్టరు అచ్చు మెరుస్తోంది. ఆయన మాట్లాడకుండా రైఫిలు సంచీలో పెట్టి ఇంటికి వచ్చారు. మిగిలిన పందొమ్మిది తూటాలనూ ఆ రాత్రే ఒక్కొక్కటిగా విప్పి, మందు తీసి పారేశారు. బోల్టు బిగుసుకోవడం, ప్రైమరు చదునవడం, ఇత్తడి మీద అచ్చు పడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ మోతాదు దగ్గర ఆగిపోవాలి, ఒక మెట్టు దిగాలి. అయితే ఈ గుర్తులు కనిపించేనాటికే ఒత్తిడి హద్దు మీరి ఉండవచ్చు. అందువల్ల వేగం కొలిచే క్రోనోగ్రాఫు ఒకటి దగ్గర పెట్టుకోవడం మేలు: పట్టికలోని గరిష్ఠ వేగం మీకు తక్కువ మందుతోనే వచ్చేస్తే సంతోషపడకండి, ఒత్తిడి కూడా ముందే వచ్చేసిందని అర్థం.

మెలిక సరిపోయే గుండు తీసుకున్నాక కూడా గురి కుదరకపోతే, అప్పుడు గుండును కేసులో ఎంత లోతుకు దించాలన్నది చూడండి. సీసపు గుండ్ల అలవాటులో మీరు ముక్కు వంపును గాడుల మొదలుకు దాదాపు ఆనించి ఉంటారు. రాగికి కొంచెం ఎడం ఇష్టం. అంగుళంలో 50 వేయోవంతులు, అంటే సుమారు 1.3 మిల్లీమీటర్ల ఎడంతో మొదలుపెట్టి, అటూ ఇటూ కొద్దిగా జరుపుతూ అయిదేసి తూటాలు కాల్చి చూసుకోండి. ఆ ఎడం ఉంటే గట్టి లోహం గాడుల్లోకి ఒక్క ఊపుతో ప్రవేశిస్తుంది, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకదు. మోతాదునూ ఎడాన్నీ ఒకేసారి మార్చవద్దు, మార్చితే దేని వల్ల ఏమైందో మీకు ఎప్పటికీ తెలియదు.

మీరు అడగని రెండు మాటలు. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది, అక్కడి రాష్ట్రం ఏదైనా ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. అది గడువు తీరితే మీ గరాజులోని ప్రతి తూటా నేరమే, కాబట్టి గడువు తేదీ క్యాలెండరులో రాసుకోండి. రెండోది, తిరిగి వచ్చేటప్పుడు వేటకు వేసుకెళ్లిన సంచీని సామాను కోసం వాడకండి. దాని అడుగు జేబులో మరిచిపోయిన ఒక్క తూటా దేవనహళ్లి విమానాశ్రయంలో ఎక్స్‌రేలో కనిపిస్తే, ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. అది జ్ఞాపకార్థం తెచ్చుకున్నదని చెప్పి ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. నేను కె.ఆర్.పురంలో ఉంటాను. నాన్నగారి పాత .315 లైసెన్సు రైఫిలు ఇంట్లో ఉంది. అడవి పందులు వేరుశనగ చేను మొత్తం తవ్వేస్తున్నాయి. రాగి గుండ్లు తెప్పించి ఇంట్లోనే తూటాలు నింపుకోవచ్చా?
— ఒక రైతు బిడ్డ, కె.ఆర్.పురం

జవాబు: కుదరదు, రెండు చట్టాలు అడ్డం ఉన్నాయి. 1959 నాటి ఆయుధాల చట్టం అయిదో సెక్షను ప్రకారం తూటాలు తయారు చేయడానికి వేరే లైసెన్సు కావాలి. రైఫిలు ఉంచుకోవడానికి నాన్నగారికి ఇచ్చిన లైసెన్సు దానికి చాలదు, అంతేకాదు, ఆ లైసెన్సు నాన్నగారిదే తప్ప మీది కాదు. ఇక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పందిని కాల్చడం, చేను మీదే అయినా, నేరమే. పదకొండో సెక్షను కింద రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారం ఇచ్చినవారు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప కుదరదు. కేంద్రం ఒక ప్రాంతానికి, ఒక కాలానికి పరిమితం చేసి ఒక జంతువును హానికరమైనదిగా ప్రకటించే వీలు అరవై రెండో సెక్షనులో ఉంది, అదైనా గెజెటులో ఉంటేనే. తవ్వేసిన చేనుకు ఫొటోలు తీసి, అటవీ శాఖకు పంట నష్టపరిహారం దరఖాస్తు పెట్టండి. ఆలస్యం అవుతుందని తెలిసే చెబుతున్నాను, అయినా అదే దారి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు, అకాడమీలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. వాళ్ల గుళ్లు కూడా సీసమే కదా, రాగివి దొరకవా?
— ఒక తల్లి, జయనగర్

జవాబు: ఆ 4.5 మిల్లీమీటర్ల గుళ్లకు రాగి తగదు. గాలి ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి, గుళ్ల అడుగు అంచు విచ్చుకుని గాడులను పట్టుకోవాలంటే లోహం మెత్తగా ఉండాలి. తగరంతో చేసినవి కొన్ని దొరుకుతాయి, తేలికవి, ఖరీదైనవి. మీ అబ్బాయికి కావలసింది వేరే లోహం కాదు, అలవాటు: గుళ్లను నోట్లో పెట్టుకోకూడదు, అక్కడ తినకూడదు, ఇంటికి రాగానే టిఫిను డబ్బా తెరవకముందు చేతులు కడుక్కోవాలి.

ప్రశ్న: రాగి గుండ్లు వాడితే గొట్టం తొందరగా పాడవుతుందా? శుభ్రం చేసేటప్పుడు ఎంత తుడిచినా గుడ్డ నీలంగానే వస్తోందని అమెరికాలో ఉన్న మా తమ్ముడు వాపోతున్నాడు.
— పాఠకుడు, బనశంకరి

జవాబు: గొట్టాన్ని ప్రధానంగా తినేసేది గుండు లోహం కాదు, మందు మంట. రాగి గొట్టానికి పూతలా అంటుకోవడం మాత్రం నిజం. సీసపు గుండ్లు కాల్చిన గొట్టంలో నేరుగా రాగి గుండ్లు కాలిస్తే, ఆ పాత తొడుగుల పూత మీద కొత్త పూత పేరుకుని గురి చెదురుతుంది, కాబట్టి మారేముందు ఒకసారి ఉక్కు కనబడేదాకా శుభ్రం చేయాలి. అమ్మోనియా ఉన్న ద్రావకం రాగిని కరిగించి నీలంగా మారుతుంది, నీలం తగ్గితే రాగి తగ్గినట్టు. అయితే మీ తమ్ముడు వాడుతున్న బ్రష్షు కంచు తీగలదై ఉంటే, ఆ ద్రావకం బ్రష్షులోని రాగినే కరిగిస్తోంది, గొట్టం ఎప్పుడో శుభ్రపడి ఉంటుంది. నైలాను బ్రష్షు కొనుక్కోమనండి.